అన్నా అట్కిన్స్ నాచు చిత్రాల్లో ఆ నీలం రంగు సముద్రానికి ప్రతీకేనా?

అన్నా అట్కిన్స్ 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో సముద్రపు నాచులను నీలం ముద్రలుగా తీసి పుస్తకం చేశారు. నీలం రంగును ఆమె సముద్రానికి గుర్తుగానే ఎంచుకున్నారా అని మీరు అడిగారు. కాదనే నా నమ్మకం. 1842లో శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనిపెట్టిన సయనోటైప్ పద్ధతిలో వచ్చే రంగే అది. ఇనుప లవణాలు పూసిన కాగితం మీద మొక్కను పరిచి ఎండలో పెడతారు. ఎండ తగిలిన చోటు నీలమవుతుంది, మొక్క కప్పిన చోటు నీళ్లలో కడిగాక తెల్లగా మిగులుతుంది. కెమెరాతో పని లేదు. 1850ల్లో స్నేహితురాలు ఆన్ డిక్సన్‌తో కలిసి ఆమె చేసిన ఫెర్న్ మొక్కల చిత్రాలూ ఇదే నీలం. ఫెర్న్‌లకు సముద్రంతో ఏం సంబంధం?

ఆమెకు కావలసింది కచ్చితత్వం. వృక్షశాస్త్రవేత్త విలియం హార్వే 1841లో తెచ్చిన నాచుల పుస్తకంలో బొమ్మలు లేవు. అంత సన్నటి నాచులను ఉన్నదున్నట్టు చేత్తో గీయడం కష్టమని ఆమే తన పుస్తకం ముందుమాటలో రాశారు. ఈ మాట అన్నది బొమ్మలు రాని మనిషి కాదు. తండ్రి అనువదించిన గవ్వల పుస్తకానికి 200కు పైగా బొమ్మలు గీసిన చెయ్యి అది!

నేను విశాఖ తీరంలో ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచుతో ఈ పద్ధతి చేస్తుంటాను. మందంగా ఉన్న నాచు ఉత్త తెల్ల మరకలా పడుతుంది. ఉల్వా అనే పలచటి ఆకుపచ్చ నాచు అయితే ఎండ దాని లోంచి కొంత దిగుతుంది. ఒంటి పొర ఉన్న చోట లేత నీలం, మడత పడిన చోట దాదాపు తెలుపు. అలా ఆకు లోపలి అమరిక కూడా కాగితం మీదికి వచ్చేస్తుంది. తడి మిగిలితే పూత చెదిరిపోతుంది కాబట్టి ముందు ఉప్పు పోయేలా కడిగి, అదిమి ఆరబెట్టాలి. ఆరాక ముట్టుకుంటే విరుగుతుంది. ఇంగ్లండ్ ఎండలో, 1843 నుంచి పదేళ్లపాటు, అట్కిన్స్ తన నాచు పుస్తకం ఒక్కో కాపీకి ఒక్కో పేజీని విడిగా ఇలా తీశారంటే ఆ ఓపికకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఆ కాలంలో ఇంగ్లండ్ మహిళలు చాలామంది నాచు ఏరి ఆల్బమ్‌లలో అతికించుకునేవారు, దాన్ని సముద్రపు పువ్వులని మురిసేవారు. అట్కిన్స్ పేజీల్లో ఆ అలంకారం కనిపించదు. మొక్క, దాని లాటిన్ పేరు, అంతే. నాకైతే అర్థమంతా ఆ తాకిడిలోనే ఉంది. ఆ మొక్కే కాగితాన్ని తాకి, తన నిజమైన కొలతలో ముద్ర వదిలింది.

ఇంత చెప్పినా ఒక్క చోట మీతో ఏకీభవిస్తాను. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ తన దగ్గరున్న కాపీని ఆన్‌లైన్‌లో పెట్టింది. అందులో పుస్తకం పేరు ఉన్న పేజీ చూడండి. అక్షరాలు నాచు పోగుల్లా మెలికలు తిరిగి ఉంటాయి. అవి మాత్రం ఆమె కావాలని చేసినవే.