స్కానింగులో కనిపించని కడుపునొప్పి

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర పల్లె. పొగాకు రైతులం. మా అబ్బాయిని నెల్లూరులో హాస్టల్ ఉన్న కాలేజీలో ఇంటర్‌లో చేర్చాం. ఆదివారం ఫోనులో ‘బాగానే ఉన్నా’ అని పెట్టేసేవాడు. సంక్రాంతికి వచ్చి, కడుపునొప్పి అంటూ మూడు వారాలుగా తిరిగి వెళ్లడం లేదు. స్కానింగులో ఏమీ లేదన్నారు. అయినదానికీ కానిదానికీ చెల్లెలి మీద విరుచుకుపడుతున్నాడు. వాళ్ల నాన్న వేషాలంటున్నారు. మా అత్తగారు తాయెత్తు కట్టించమంటున్నారు. ఏం చేయాలి?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, బాబుది వేషం కాదు. పేగులకూ మెదడుకూ నరాల సంబంధం గట్టిది. భయం, బెంగ ముదిరితే కడుపు నిజంగానే మెలిపెడుతుంది. ఈ వయసులో దిగులు ఏడుపుగా కాక చిరాకుగా బయటపడటం మేం తరచూ చూసేదే. రెండు వారాలు దాటింది కాబట్టి ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి.

ఆదివారం ఫోను సంగతి చెబుతాను. చాలా హాస్టళ్లలో ఫోను వార్డెన్ బల్ల మీద ఉంటుంది. ఎదురుగా ఆయన, వెనక వంతు కోసం తోసుకునే పిల్లలు. అక్కడ నిలబడి ఏ పిల్లవాడు ‘అమ్మా, నాకు భయంగా ఉంది’ అనగలడు?

ఇప్పుడు మీకు పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు కాల్చే రోజులు. సాయంత్రం మంట చూసుకునేటప్పుడు బాబును పక్కన కూర్చోబెట్టుకోమని మీవారికి చెప్పండి. మార్కుల ఊసు వద్దు, పక్కింటి అబ్బాయి ఊసు అసలే వద్దు. ఎదురుగా నిలబెట్టి అడిగితే పెదవి విప్పని పిల్లలు ఇలాంటప్పుడు మాట్లాడతారు. రాత్రి మాత్రం మేలుకోనివ్వకండి. ఆ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి.

ఇంకొకటి. మీకు నోరు రాదు, అయినా అడగాలి: ‘చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా నాన్నా?’ అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే తిట్టకండి, ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏమన్నా సరే, పురుగుమందులు ఇవాళే ఇంట్లోంచి తీసి, బాబుకు అందని చోట తాళం వేయండి. వేళకాని వేళ దిక్కుతోచకపోతే 14416కు ఫోను చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి, టెలిమానస్. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

తాయెత్తు విషయంలో అత్తగారి మనసు నొప్పించక్కర్లేదు, కట్టనివ్వండి. దాన్ని నమ్ముకుని డాక్టరును మానకండి. డాక్టరు రాసిచ్చిన కాగితం చూపించి కాలేజీలో సెలవు అడగండి. ఇంటి నుంచి వెళ్లివచ్చేలా ఒంగోలులో చేర్చాలా అన్నది బాబు చెప్పేది విన్నాకే తేల్చుకోండి. ఫీజు కట్టేశామని మాత్రం వెనక్కి పంపకండి.