గార్సోఁ అని మాత్రం పిలవకు

బంగారూ,

నువ్వు వంట కోర్సుకి ఫ్రాన్స్‌లో లియోన్ వెళ్తున్నావని అక్క ఫోన్ చేసి చెప్పినప్పట్నుంచీ వీధిలో ఎవరు కనబడితే వాళ్ళకి చెప్తున్నాను, రాత్రయితే నిద్ర పట్టట్లేదు. స్వెట్టర్లు, మందులు, పాస్‌పోర్ట్ జిరాక్సులు నీకు నేను చెప్పాలా. నా టెన్షనంతా మాటల గురించే.

హోటల్లో వెయిటర్ని "గార్సోఁ" అని పిలవకు. సినిమాల్లో పలుకుతారు గానీ, ఇప్పుడు అలా పిలిస్తే మొహం మాడ్చుకుంటారు. "మొస్యూ", అదే మన "సార్" లాంటిది, అంటే చాలు. గార్సోఁ అంటే అబ్బాయే, కానీ పుట్టుక చూడు: ఫ్రాంకులనే జర్మానిక్ తెగ భాషలో అది "వ్రక్యో", అంటే ఊరు వెలివేసినవాడు, దిక్కులేక తిరిగేవాడు. ఆ 'వ' ఫ్రెంచ్‌లో 'గ' అయింది, విలియం గియోమ్ అయినట్టు. 900 ఏళ్ళ కిందటి కావ్యాల్లో నౌకరు. అదే వేరు ఇంగ్లీషులో "రెచ్", అభాగ్యుడు; జర్మన్‌లో "రెకె", వీరుడు! ఒక కడుపున పుట్టి ఒకడు బిచ్చగాడు, ఒకడు రాజు అయినట్టు.

నాకు ఇవన్నీ తెలుసని పొగరు, అదే కొంప ముంచింది. 1986లో అక్కడ ఒకావిడ ఇంట్లో అద్దెకుండేవాణ్ణి. అదే మాటకి "గా" అనే పొట్టి రూపం ఉంది, కుర్రాడు అని. దానికి ఆడ రూపం "గార్స్", పాత పుస్తకాల్లో ఉత్త అమ్మాయి అనే అర్థం. ఒకరోజు భోజనాల దగ్గర ఆవిడ కూతుర్ని మెచ్చుకుంటూ, మీ గార్స్ చాలా తెలివైంది అన్నాను. చెంచాలు ఆగిపోయాయి. ఇప్పుడది ఆడవాళ్ళని తిట్టే బూతు, ఆ సంగతి నా పుస్తకంలో లేదు మరి. ఆవిడ ఒక్క మాటా అనకుండా గిన్నెలు తీసేసింది, ఆ పిల్ల మాత్రం నవ్వాపుకోలేక లోపలికి పరిగెత్తింది. మూడు రోజులు గది దాటకుండా ఆవకాయతో రొట్టె తిన్నాను. నాలుగో రోజు ఆవిడే సూప్ తెచ్చి, తలుపు దగ్గరే నిలబడి, "అమ్మాయిని ఫియ్, ఫియ్ అనాలి" అని చిన్నపిల్లాడికి చెప్పినట్టు నాతో పదిసార్లు పలికించింది.

కొత్త మాట విన్నావా, నిఘంటువు తీసే ముందు పక్కనున్న పిల్లనడుగు. నువ్వూ నాలాగే తొందరపడి మాట్లాడతావు, చిన్నప్పట్నుంచీ అంతే, ఎన్నిసార్లు చెప్పాను! సర్లే. నోరు జారినా గదిలో దాక్కోకు తల్లీ, నాకు ఫోన్ చెయ్యి. అక్కడ అర్ధరాత్రయితే ఇక్కడ తెల్లవారుజాము, నేను లేచే ఉంటాను.

మామయ్య