కొట్టం తలుపు తెరిచే ముందు

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు రాసి పంపిన జాంబీ కథ, అదే, చచ్చి లేచి మనుషుల మీద పడే శవాల కథ, ఆ ఎపిసోడ్ మొదటినుంచి చివరిదాకా శ్రద్ధగా చదివాను. ఆస్పత్రి మెట్ల మీద తల్లీకొడుకులు ఊపిరి బిగబట్టి నిలబడే సీను చాలా బాగా కుదిరింది. ఇన్ని దాడులు పెట్టినా కథ నడక ఎందుకు మందగించిందని అడిగావు. దాడులు ఎక్కువైనందువల్లే మందగించింది. నాలుగు పేజీలకోసారి జాంబీల గుంపు మీద పడుతుంది, అందరూ పరుగెత్తుతారు, తలుపు మూసుకుంటారు, హమ్మయ్య అనుకుంటారు. మూడోసారికి ప్రేక్షకుడికి ఆ వరస తెలిసిపోతుంది. దాడికి ముందు ఉన్న మనిషే దాడి తర్వాతా అలాగే ఉంటే, ఎంత పరుగెత్తించినా కథ ఉన్నచోటే ఉంటుంది.

జాంబీ కథలో రచయితకు ఉండే కష్టం వేరు. ఇందులో శత్రువుకు మనసు లేదు. పగబట్టడు, బేరమాడడు, మాట తప్పడు. మామూలు కథలో ప్రతినాయకుడు మోసే బరువంతా ఇక్కడ బతికున్నవాళ్లే మోయాలి. అందుకే నడక గురించి మాట్లాడాలంటే పాత్రల గురించి మాట్లాడక తప్పదు.

ఒక ఎపిసోడ్ తీసుకుందాం. అమెరికన్ జాంబీ టీవీ సీరియల్ 'ద వాకింగ్ డెడ్' రెండో సీజన్‌లో ఏడోది, 2011 నవంబరు 27న ప్రసారమైంది. జార్జియా రాష్ట్రంలో ఒక పొలం. యజమాని హర్షెల్ పశువైద్యుడు. రిక్ అనే అతను నడిపిస్తున్న బృందం అక్కడ తలదాచుకుంటోంది. సీజన్ మొదట్లోనే ఆ బృందంలోని క్యారల్ కూతురు సోఫియా అడవిలో తప్పిపోయింది, అప్పటినుంచీ వెతుకులాటే. ఆ వెతుకులాట సాగుతోందని చాలామంది విసుక్కున్నారు. ఆ విసుగులో కొంత న్యాయముంది. మధ్యలో కొన్ని చోట్ల ఇద్దరు మనుషులు ఒకే వాదనను మాటలు మార్చి మళ్లీ మళ్లీ వాదించుకుంటారు. ఏడో ఎపిసోడ్‌లో మాత్రం అలా వృథా అయిన సీను నాకు కనిపించదు.

పొద్దున అందరూ తింటుండగా బృందంలోని కుర్రాడు గ్లెన్ ఒక మాట బయటపెడతాడు: కొట్టం నిండా చచ్చి లేచినవాళ్లున్నారు. హర్షెల్ వాళ్లను రోగులనుకుని దాచాడు. వాళ్లలో అతని భార్య కూడా ఉంది. ఇక్కడినుంచి కొట్టం తలుపు తెరుచుకునేదాకా ప్రాణం మీదికి వచ్చే దాడి దాదాపు లేదు. అయినా చూస్తున్నవాళ్ల గుండె దడ తగ్గదు. ఎందుకంటావా? ప్రతి ఒక్కరూ తమ బలాన్ని పట్టుకుని ముందుకు కదులుతారు, ఆ బలాలు ఒకదానితో ఒకటి ఢీకొంటాయి. హర్షెల్ బలం దయ. రిక్ స్నేహితుడు షేన్ బలం, ఉన్నదాన్ని ఉన్నట్టు చూడగలగడం. రిక్ బలం, ఇచ్చిన మాట మీద నిలబడటం. అతని భార్య గర్భిణి, ఈ పొలం వదిలితే దిక్కులేదు, అందుకే హర్షెల్ చెప్పినట్టు బురదలోకి దిగి నడిచే శవాలను కాల్చకుండా పట్టుకు రావడానికి కూడా ఒప్పుకుంటాడు. బృందంలోని పెద్దాయన డేల్ బలం అంతరాత్మ. తుపాకులు షేన్ చేతిలో పడకూడదని వాటిని మూటగట్టి దాచబోతాడు. వీళ్లలో చెడ్డవాడంటూ ఎవరూ లేరు, షేన్‌తో సహా. ఎవరి గుణం ప్రకారం వాళ్లు సరైన పనే చేస్తున్నారు. ఆ సరైన పనులన్నీ కలిసే కొట్టం తలుపు పగలగొడతాయి.

చిన్న సీన్ల పొదుపు కూడా గమనించు. రహస్యం బయటపెట్టాడన్న కోపంతో హర్షెల్ కూతురు మ్యాగీ గ్లెన్ టోపీలో గుడ్డు పగలగొడుతుంది. క్షణాల్లో అయిపోయే సీను, నవ్వొస్తుంది కూడా. తర్వాత అందరూ కాల్పులకు దిగినప్పుడు గ్లెన్ ముందు మ్యాగీ వైపు చూస్తాడు. ఆమె సరేనన్నాకే కదులుతాడు. ఆ చూపుకు బరువు ఇచ్చింది ఆ గుడ్డే.

ఇక ముగింపు. హర్షెల్ కర్రకు బిగించి తెస్తున్న శవం ఛాతీలోకి షేన్ వరసగా తూటాలు దింపుతాడు. బతికున్న మనిషైతే ఇంకా నిలబడగలడా అని అడుగుతాడు. అంతకాలం మాటలతో సాగిన వాదన ఆ తూటాలతో తేలిపోతుంది. తర్వాత తలుపు పగులుతుంది, లోపలి శవాలు బయటికొస్తాయి, బృందంవాళ్లు వాటిని వరసగా కాల్చేస్తారు. తుపాకులు ఆగుతాయి. కథ అయిపోయిందనుకుంటాం. అప్పుడు చీకట్లోంచి ఇంకొక మూలుగు. ఒక చిన్న పిల్ల వెలుగులోకి తడబడుతూ వస్తుంది. సోఫియా. క్యారల్ పరుగెత్తబోతే బృందంలోని డ్యారిల్ పట్టుకుంటాడు. ఇంతసేపు కాల్చినవాళ్లలో ఒక్కరి చెయ్యీ లేవదు. నిజాన్ని ఎదుర్కోవాలని అందరినీ రెచ్చగొట్టిన షేన్ చెయ్యి కూడా లేవదు. అప్పటిదాకా వద్దని బతిమాలిన రిక్ అందరినీ దాటుకుని ముందుకొచ్చి తుపాకీ ఎత్తుతాడు.

ఆ పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి ఉంటే ఈ సీను ఉండేది కాదు. అడుగు తర్వాత అడుగు వేస్తుంది కాబట్టే ఒక్కొక్కరి ముఖం చూసే వ్యవధి మనకు దొరికింది. ఈ తరహా కథల్లో శవం నెమ్మదిగా నడవడం రచయిత చేతికొచ్చిన వరం. దాన్ని భయపెట్టడానికి మాత్రమే వాడితే సగం వదులుకున్నట్టే. నీ జాంబీలు మొదటి పేజీ నుంచీ పరుగెడుతున్నాయి. అలా పెట్టాలని నిజంగా అనుకున్నావా, అలవాటుగా వచ్చేసిందా? ఆలోచించు.

దాడుల మీద ఆధారపడకుండా ఎపిసోడ్ నిలబెట్టవచ్చునా అంటే నిలబెట్టవచ్చు. 2023లో వచ్చిన 'ద లాస్ట్ ఆఫ్ అస్' అనే ఇలాంటి సీరియల్ మూడో ఎపిసోడ్‌లో ఎక్కువ భాగం ఇద్దరు మనుషులు కలిసి గడిపిన ఏళ్ల గురించే. నువ్వు ఇప్పుడే అంత దూరం వెళ్లనక్కర్లేదు.

నీ స్క్రిప్టుకు వద్దాం. నీ డాక్టరు ఎవరినీ వదిలిపెట్టదు. ఆమె తమ్ముడు లెక్క తప్పడు, ఉన్న మందులు ఎందరికి ఎన్నాళ్లు వస్తాయో అతనికి తెలుసు. ఈ రెండు గుణాలూ వాళ్లను ఇంతవరకు బతికించాయి. కానీ వాళ్లిద్దరినీ ఒకే గదిలో ఒకే రోగి ముందు నువ్వు ఒక్కసారి కూడా నిలబెట్టలేదు. మందుల గది సీనులో ఆ అవకాశం వచ్చింది. సరిగ్గా అప్పుడే గుంపును పంపించి ఇద్దరినీ పరుగెత్తించావు. నాకు నిజంగా బాధ కలిగింది, ఎందుకంటే ఆ గొడవ వినాలని పేజీ తిప్పాను.

మధ్యలో ఉన్న రెండు దాడులు తీసెయ్యి. మందుల గదిలో తలుపు బయట గీకుతున్న చప్పుడు మాత్రం ఉంచు, లోపలికి ఎవరినీ రానివ్వకు. ఆ రోగికి మందు ఇవ్వాలా వద్దా అన్నది అక్కాతమ్ముళ్లు అక్కడే తేల్చుకోవాలి. తమ్ముడి మాట కూడా మనకు న్యాయంగానే అనిపించాలి, అది మరిచిపోకు. ఇప్పుడతను కేవలం స్వార్థపరుడిలా కనిపిస్తున్నాడు. అతను ఎవరి కోసం ఆ లెక్కలు వేస్తున్నాడో ఒక్క వాక్యంలో తెలిసినా చాలు.

మిగతాదంతా పక్కన పెట్టి ముందు ఆ సీను ఒక్కటే తిరగరాసి పంపు. అది చదివాక మొదటి దాడి ఎక్కడ పడాలో మాట్లాడుకుందాం.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి