గుండె దొరికేదాకా పంపు: మా వంతు పోతుందా?

ప్రశ్న: మాది నెల్లూరు, ఇరవై ఏళ్లుగా చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. మావారికి 46 ఏళ్లు. గుండె కండరం బాగా బలహీనపడడంతో గుండె మార్పిడికి పేరు నమోదు చేయించాం. ఈలోగా పంపు అమర్చాలని డాక్టర్లు అంటున్నారు. మిషను పెట్టించుకుంటే మన వంతు పోతుందని మా ఆడపడుచు భయపడుతోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: వంతు పోదమ్మా. పంపు అమర్చినంత మాత్రాన, తమిళనాడులో అవయవాల కేటాయింపు చూసే ప్రభుత్వ సంస్థ ట్రాన్స్‌టాన్ జాబితాలోంచి పేరు తీసివేయరు. కాకపోతే ఆపరేషన్ నుంచి కోలుకునే కొన్ని వారాల్లో ఆ వెంటనే మరో పెద్ద ఆపరేషన్‌ను శరీరం తట్టుకోలేదు గనుక, అంతవరకు ఆగమని చెప్పవచ్చు.

ముందుగా, అది ఏ పంపో అడిగి తెలుసుకోండి. తొడ రక్తనాళం గుండా పంపే బెలూన్ పంపు, ఎక్మో (రక్తానికి శరీరం బయట ఆక్సిజన్ కలిపే యంత్రం) వంటివి ఐసీయూలో కొన్ని రోజులో, వారాలో ప్రాణం నిలబెట్టడానికి. ఎల్‌వ్యాడ్ (ఎడమ జఠరికకు, అంటే గుండె ఎడమ కింది గదికి సాయపడే పంపు) అలాంటిది కాదు. గుండె కొనకు అమర్చిన చిన్న పంపు ఎడమ జఠరికలోని రక్తాన్ని లాగి బృహద్ధమనిలోకి నెడుతుంది. దాని తీగ పొట్ట చర్మంలోంచి బయటికి వచ్చి, ఒంటిమీదే ఉండే కంట్రోలర్‌కు, బ్యాటరీలకు కలుస్తుంది. 1969లో హ్యూస్టన్‌లో డాక్టర్ డెంటన్ కూలీ కృత్రిమ గుండెతో రోగిని నిలబెట్టగలిగింది సుమారు 64 గంటలే. నేడు ఎల్‌వ్యాడ్‌తో ఇంట్లో ఉంటూ నెలలే కాదు, ఏళ్లు కూడా ఎదురుచూస్తున్నారు.

మీవారిది 'ఓ' (O) రక్తం గ్రూపు అయితే 'ఓ' గ్రూపు గుండె మాత్రమే సరిపడుతుంది, శరీర పరిమాణం కూడా కుదరాలి కాబట్టి ఎదురుచూపు పెరగవచ్చు. ఆ నిరీక్షణలో కిడ్నీలు, కాలేయం దెబ్బతింటే గుండె దొరికినా మార్పిడికి వీలుకాని స్థితి రావచ్చు. అందుకే పంపు అవసరమని తేలాక వాయిదా వేయడం నాకు సమ్మతం కాదు. అయితే ఈ పంపు ఎడమవైపుకే సాయం చేస్తుంది. కుడి జఠరిక తట్టుకోగలదా అని తప్పక అడగండి. ఖర్చు పదుల లక్షల్లో ఉంటుంది, ఇన్సూరెన్సు ఎంత ఇస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి.

అసలు భారం ఇంటికి వచ్చాక మీ మీద పడుతుంది. తీగ బయటికి వచ్చే చోట చీము పట్టకుండా, చేతులు శుభ్రం చేసుకుని, నేర్పిన పద్ధతిలోనే కట్టు మార్చాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతూ ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపటికి గడ్డకడుతోందో చూసే) పరీక్ష చేయించాలి. ఆకుకూరలు ఆ మందు పనితీరును మారుస్తాయి గనుక, గోంగూర, తోటకూర మానక్కర్లేదు గానీ ఒక వారం రోజూ, మరో వారం అసలు లేకుండా తినకూడదు. రెండు బ్యాటరీలనూ ఒకేసారి విప్పితే పంపు ఆగిపోయే ప్రమాదం ఉంది, ఒకటి మార్చి బిగించాకే రెండోదాన్ని ముట్టుకోవాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు చెన్నైలో చాలాచోట్ల కరెంటు పోయిన సంగతి మీకు తెలిసిందే కదా. అందుకని ఛార్జింగుకు ఇన్వర్టరే కాక, అవసరమైతే వెళ్లడానికి మరో ఇల్లు కూడా చూసి పెట్టుకోండి.

ఇంకొకటి. ఈ పంపు రక్తాన్ని ఎడతెగకుండా నెడుతుంది గనుక మణికట్టు దగ్గర నాడి తరచూ అందదు, మామూలు బీపీ మిషను కూడా సరిగ్గా చూపకపోవచ్చు. మీరు నెల్లూరు వెళ్లినప్పుడు తెలియని డాక్టరు చేయి పట్టుకుని కంగారుపడవచ్చు. ఆ విషయాన్నీ, మీ ఆస్పత్రి పంపు విభాగం ఫోను నంబరునూ తెలుగులో, తమిళంలో ఒక కార్డు మీద రాసి మీవారి జేబులో ఉంచండి.