హరితరేణువుల్లోకి ప్రోటీన్ల ప్రవేశం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: హరితరేణువుకు సొంత డీఎన్‌ఏ ఉంది కదా, బయటి నుంచి ప్రోటీన్లు ఎందుకు రావాలి?

జవాబు: ఆ డీఎన్‌ఏలో సుమారు 80 ప్రోటీన్లకు మాత్రమే జన్యువులు ఉంటాయి. మిగతా రెండు మూడు వేల ప్రోటీన్లకు సూచనలు కేంద్రకంలో ఉన్నాయి. అవి కణద్రవ్యంలో తయారై, ముందు భాగంలో ట్రాన్సిట్ పెప్టైడ్ అనే దారిచూపే ముక్కతో వచ్చి, బయటి పొరలోని టాక్, లోపలి పొరలోని టిక్ అనే ప్రోటీన్ సముదాయాల గుండా లోపలికి వెళ్తాయి. తర్వాత ఎస్‌పీపీ అనే ఎంజైమ్ ఆ పెప్టైడ్‌ను కత్తిరిస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే ఎంజైమ్ రూబిస్కోలోని చిన్న ఉపభాగం ఇలా ప్రవేశిస్తుందని 1978లో శాస్త్రవేత్తలు ఛువా, ష్మిట్‌లూ, హైఫీల్డ్, ఎల్లిస్‌లూ వేర్వేరుగా చూపారు.

ప్రశ్న: నేను పోస్ట్‌డాక్‌ని. బఠాణీ హరితరేణువులకు ఎస్-35 (రేడియోధార్మిక గంధకం) గుర్తు ఉన్న రూబిస్కో చిన్న ఉపభాగ పూర్వరూపాన్ని (ట్రాన్సిట్ పెప్టైడ్ ఇంకా ఉన్న రూపం) కలిపితే జెల్‌పై 20 (పూర్వరూపం), 14 (కోత పడినది) కిలోడాల్టన్ల పట్టీలు వస్తున్నాయి. పొర బయట ఉన్న ప్రోటీన్లను జీర్ణించే ఎంజైమ్ థెర్మోలైసిన్ వేస్తే రెండూ మాయమవుతున్నాయి. ప్రోటీన్ లోపలికి వెళ్లినట్టేనా?

జవాబు: ఆ ఫలితంతో వెళ్లిందని చెప్పలేం. 14 పట్టీ కనిపించడం కోత పడిందనడానికే రుజువు, ప్రవేశానికి కాదు. హరితరేణువులు పగిలితే ఎస్‌పీపీ బయటికి కారి, పూర్వరూపాన్ని అక్కడే కోస్తుంది. పొర చాటు లేని ఆ ముక్కను థెర్మోలైసిన్ తినేస్తుంది.

కానీ ముందు ఇంకో అనుమానం తీర్చుకోండి. థెర్మోలైసిన్ వేడికి తట్టుకునే ఎంజైమ్. దాన్ని ఆపకపోతే, జెల్‌పై వేయడానికి నమూనాను ఎస్‌డీఎస్ (ప్రోటీన్లను విప్పే డిటర్జెంట్) బఫర్‌లో మరిగించేటప్పుడు కూడా పని చేస్తుంది. చర్య ముగియగానే, దానికి కావలసిన లోహ అయాన్లను లాగేసి ఆపే ఈడీటీఏను 10 మిల్లీమోలార్ కలపండి, కడిగే బఫర్‌లోనూ నమూనా బఫర్‌లోనూ ఉంచండి. ఒక గొట్టంలో ఈడీటీఏ ముందుగా వేసి, తర్వాత థెర్మోలైసిన్ వేయండి. అక్కడా పట్టీలు పోతే తప్పు ఆపడంలో ఉంది. నిలిస్తే హరితరేణువుల నాణ్యతను అనుమానించాలి.

అప్పుడు 8–10 రోజుల మొలకలను తెల్లవారగానే కోయండి. పగలు పేరుకున్న పిండిరేణువులు సెంట్రిఫ్యూజ్‌లో పొరలను చీలుస్తాయి. 330 మిల్లీమోలార్ సార్బిటాల్, 50 మిల్లీమోలార్ హెపీస్, పీహెచ్ 8.0 ఉన్న చల్లని బఫర్‌లో బ్లెండర్‌ను కొన్ని సెకన్ల చొప్పున రెండు మూడు సార్లే తిప్పండి. ఎక్కువ తిప్పితే దిగుబడి పెరిగినట్టు కనిపిస్తుంది, నిజానికి పెరిగేవి పగిలినవే. 40, 80 శాతం పెర్కాల్ (సాంద్రతను బట్టి వేరుచేసే ద్రవం) మెట్లపై వేసి సెంట్రిఫ్యూజ్ చేసి, బ్రేక్ లేకుండా ఆపండి. రెండు మెట్ల మధ్య నిలిచేదే కావలసిన పట్టీ, పైన తేలేవి పగిలినవి. కొన కత్తిరించిన పిపెట్‌తో తీయండి.

పత్రహరితం కొలవడానికి 10 మైక్రోలీటర్లను 990 మైక్రోలీటర్ల 80 శాతం ఎసిటోన్‌లో కలిపి, సెంట్రిఫ్యూజ్ చేసి, 652 నానోమీటర్ల రీడింగును 2.9తో గుణిస్తే మిల్లీలీటరుకు మిల్లీగ్రాములు వస్తాయి. ఒక్కో చర్యకు 25–50 మైక్రోగ్రాముల పత్రహరితం, 4 మిల్లీమోలార్ ఏటీపీ, 25 డిగ్రీల వద్ద 10–20 నిమిషాలు చాలు. అనువాద మిశ్రమం (పరీక్షనాళికలో పూర్వరూప ప్రోటీన్‌ను తయారు చేసిన ద్రవం) మొత్తంలో పదో వంతు దాటకూడదు. చివరికి 40 శాతం పెర్కాల్ గుండా మళ్లీ దింపితే, గుళికలో చెక్కుచెదరనివే మిగులుతాయి. ఏటీపీ లేని కంట్రోల్‌ను చీకట్లోనే పెట్టాలి, వెలుతురు తగిలితే హరితరేణువే ఏటీపీ తయారు చేసుకుంటుంది. అనువాద మిశ్రమంలో మిగిలిన ఏటీపీని కూడా జెల్ వడపోతతో తీసేయాలి.

ప్రశ్న: నా ప్రోటీన్‌కు ముందు జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా వెలిగే గుర్తు ప్రోటీన్) అతికించాను. అసలు లోపలికే పోవడం లేదు.

జవాబు: ట్రాన్సిట్ పెప్టైడ్ ఉండేది ముందు కొసనే, జీఎఫ్‌పీ దాన్ని కప్పేస్తోంది. జీఎఫ్‌పీని చివరకు మార్చండి. ఎస్-35 గుర్తు ఉన్న మెథియోనిన్ అనే అమైనో ఆమ్లంతో చేసే ప్రయోగానికి వెళ్లేటట్టయితే, కోత తర్వాత మిగిలే భాగంలో మెథియోనిన్ ఉందో లేదో ప్రోటీన్ అమైనో ఆమ్లాల వరుసలో చూసుకోండి. అది లేకపోతే ప్రవేశం సవ్యంగా జరిగినా గుర్తు కత్తిరించిన పెప్టైడ్‌తో పోతుంది, జెల్ ఖాళీగా కనిపిస్తుంది.