డిజిటల్ ప్యానెల్ అంటే టెన్షన్‌గా ఉందన్న లెక్కల సార్‌కి

సార్, మీరు అడిగింది ఇదీ: వయసు 49, లెక్కలు చెప్పబట్టి 22 ఏళ్లు, బడిలో కొత్తగా డిజిటల్ ప్యానెల్ (వేలితో తాకి నడిపే పెద్ద తెర) బిగించారు, దాని ముందు నిలబడాలంటే టెన్షన్, పిల్లలకే మీకన్నా ఎక్కువ తెలుసు, ఏ కోర్సు చేస్తే ఇది వస్తుంది అని. నేనూ లెక్కల టీచర్నే. హైదరాబాద్‌లో అంబర్‌పేట వైపు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. నాకిప్పుడు 53. కోర్సుల సంగతి తర్వాత చెబుతాను, ఎందుకంటే నాకు ఈ పని వచ్చింది కోర్సుల వల్ల కాదు.

ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. బడికి ప్రొజెక్టర్ వచ్చిన కొత్తలో 9వ తరగతికి ఇరవై నిమిషాల వీడియో ఒకటి వేశాను. క్లాసంతా నిశ్శబ్దం. కన్నార్పకుండా చూశారు. పాఠం బాగా సాగిందని సంతోషంగా ఇంటికెళ్లాను. మర్నాడు అదే పాఠంలోంచి చిన్న లెక్క ఇస్తే నలభై మందిలో ఆరుగురు చేశారు. ఆ ఆరుగురూ నేను నల్లబల్ల మీద చెప్పినా చేసేవాళ్లే. చాలా బాధేసింది. పిల్లలు ఆగి ఆలోచించాల్సిన చోట వీడియో ఆగలేదు, నేనూ ఆపలేదు.

నిజంగా నేర్చుకోవడం మొదలైంది కరోనా ఏడాదిలో. 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, తెలంగాణ ప్రభుత్వ విద్యా ఛానల్ టీశాట్‌లో పాఠాలు వచ్చేవి. పిల్లలు చూశారో లేదో కనుక్కోవడం, వర్క్‌షీట్లు దిద్దడం మా పని. చాలా ఇళ్లలో ఫోను ఒక్కటే, అది పొద్దున్నే నాన్నతో పాటు ఆటోలో వెళ్లిపోయేది. రాత్రి పదింటికి నోట్‌బుక్ ఫొటోలు వచ్చేవి. వాట్సాప్‌లోనే ఆ ఫొటో మీద ఎర్రగీత గీసి, "ఈ మెట్టు దగ్గర మైనస్ గుర్తు పోయింది, చూడు నాన్నా" అని వాయిస్ మెసేజ్ పెట్టేదాన్ని. బడిలో కట్టలు కట్టలు నోట్‌బుక్కులు దిద్దేటప్పుడు తప్పు కనిపిస్తే అడ్డగీత కొట్టి తర్వాతి దానికి వెళ్లిపోయేదాన్ని. ఇక్కడ ఒక్కొక్కరి తప్పు ఎక్కడ మొదలైందో వెతికి, నోటితో చెప్పాల్సి వచ్చింది. బడులు తెరిచేసరికి నా దగ్గర ఒక చిన్న పుస్తకం నిండింది, ఏ అధ్యాయంలో పిల్లలు ఏ మెట్టు దగ్గర ఆగుతున్నారో రాసుకున్నది.

మీరు ప్యానెల్ స్విచ్ వేసే ముందు అలాంటి పుస్తకం ఒకటి మొదలుపెట్టండి. 22 ఏళ్ల అనుభవం ఉంది కాబట్టి మీకు ఒక సాయంత్రం చాలు. ఆ తర్వాత అందులోంచి ఒక్కటంటే ఒక్క చిక్కు తీసుకుని, దానికి ప్యానెల్ ఏమైనా సాయపడుతుందా అని చూడండి.

నేను తీసుకున్న మొదటి చిక్కు, ఒకే భూమి (కింది భుజం) మీద, ఒకే సమాంతర రేఖల మధ్య ఉన్న త్రిభుజాల వైశాల్యాలు సమానం అన్నది. పిల్లలు దాన్ని బట్టీ పట్టి పరీక్షలో రాస్తారు, కానీ నమ్మరు. జియోజెబ్రా అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో రెండు సమాంతర రేఖలు గీసి, కింది రేఖ మీద 6 యూనిట్ల భూమి, పై రేఖ మీద శీర్షం పెట్టాను. ఎత్తు 4. వైశాల్యం 12 అని తెర మీద కనిపిస్తుంది. శీర్షాన్ని పక్కకి జరిపితే వైశాల్యం పెరుగుతుందా, తగ్గుతుందా, అంతే ఉంటుందా అని ముందే అడిగి నోట్‌బుక్‌లో రాయించాను. ఎక్కువమంది పెరుగుతుందనే రాశారు. అప్పుడు వేలితో శీర్షాన్ని కుడికి లాగాను. 12. ఇంకా లాగాను. శీర్షం భూమిని దాటి బయటికి పోయింది, త్రిభుజం సన్నగా సాగి పక్కకి వాలిపోయింది. అప్పుడూ 12.

వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి, "టీచర్, హ్యాంగయింది, నంబర్ మారుతలేదు" అంది. క్లాసంతా నవ్వింది. అది నవ్వాల్సిన మాట కాదు సార్, చాలా మంచి అనుమానం. తనను ముందుకు పిలిచి పై రేఖను ఒక యూనిట్ పైకి జరపమన్నాను. 15 అయింది. హ్యాంగ్ కాలేదని తనే తేల్చింది. "మరి గంత పొడుగు సాగినంక గూడ అంతే ఎట్లుంటది టీచర్?" అని అడిగింది. నేను ఎదురుచూసిన ప్రశ్న అదే. ప్యానెల్ ఆపేసి గ్రాఫ్ కాగితాలు పంచాను. ఎవరికి వాళ్లు వాలిపోయిన త్రిభుజం ఒకటి గీసి గళ్లు లెక్కపెట్టారు. ఆ తర్వాత చాక్‌పీసు పట్టుకుని శీర్షం నుంచి లంబం గీస్తే, అది భూమి మీద కాకుండా, పొడిగించిన గీత మీద పడింది. పిల్లలు ఆగిపోతున్నది సరిగ్గా అక్కడే. ఎత్తు త్రిభుజం బయట కూడా ఉండొచ్చని అన్నేళ్లలో నేను విడిగా ఎప్పుడూ చెప్పలేదు. ఆ పీరియడ్‌లో ప్యానెల్ వాడింది ఎనిమిది నిమిషాలు ఉంటుందేమో.

ఆ ఎనిమిది నిమిషాల కోసం నేను మూడు సాయంత్రాలు బడి విడిచాక ఖాళీ క్లాసులో అరగంట చొప్పున సాధన చేశాను. మొదటి రోజు బిందువు పెట్టబోతే గీత వచ్చింది. మూడో రోజుకి చేతికి అలవాటైంది. మీకూ అంతే పడుతుంది.

పిల్లలకే ఎక్కువ తెలుసన్న భయం ఉందన్నారు. ఒకరోజు టచ్ పనిచేయలేదు. ఏడో తరగతి బాబు వచ్చి వెనకాల కేబుల్ ఊడదీసి మళ్లీ పెట్టాడు, పనిచేసింది. "ఇంకోసారి నెమ్మదిగా చెయ్యి నాన్నా, నేను కూడా నేర్చుకుంటాను" అన్నాను. వాడి ముఖం వెలిగిపోయింది. లెక్కల్లో ఎప్పుడూ చేయి ఎత్తని పిల్లాడు ఆ వారం నుంచి ఎత్తడం మొదలుపెట్టాడు. టీచర్‌గా నా గౌరవం ఏమీ తగ్గలేదు సార్.

తోడు ఒకరిని వెతుక్కోండి, ఇది మాత్రం తప్పనిసరి. మా బడిలో ఫిజికల్ సైన్స్ మేడం, నేను నెలకోసారి ఒకరి క్లాసులో ఒకరం వెనక కూర్చుంటాం. ప్యానెల్ వైపు కాదు, పిల్లల వైపు చూస్తాం. ఆవిడ ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీద కదిపి చూసే ప్రయోగాలు) వాడతారు, నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టినవి. వాటిలో కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో గంటసేపు విన్నదానికన్నా, ఆవిడ "మీరు ప్రశ్న అడిగి మూడు సెకన్లు కూడా ఆగట్లేదు మేడం" అన్న ఒక్క మాట నాకు ఎక్కువ పనికొచ్చింది.

ఇంకొకటి. ఫొటో తీస్తే లెక్క చేసిపెట్టే యాప్‌లు పిల్లల చేతుల్లో ఉన్నాయి. వద్దని చెప్పి లాభం లేదు. అందుకే హోంవర్క్ మార్చాను. ఒక తప్పు ఉన్న సాధన నేనే రాసి ఇచ్చి, తప్పు ఏ మెట్టులో ఉంది, ఎవరైనా అక్కడ ఎందుకు పొరబడతారో రాసుకుని రమ్మంటాను. మర్నాడు నోటితో చెప్పిస్తాను.

ఇక కోర్సులు. 2017లో మొదలైన దీక్షా అనే కేంద్ర ప్రభుత్వ విద్యా పోర్టల్‌లో టీచర్ల శిక్షణ కోసం నిష్ఠా మాడ్యూళ్లు ఉన్నాయి. ఐసీటీ (బోధనలో కంప్యూటర్, నెట్ లాంటివి వాడటం) గురించి ఉన్న మాడ్యూల్ ఒక్కటి చాలు, సర్టిఫికెట్ కోసం నెక్స్ట్ నొక్కుకుంటూ పోకుండా తీరిగ్గా చదవండి. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌లు కూడా దీక్షాకే తీసుకెళ్తాయి, కానీ క్లాసులో వేసే ముందు మీరు ఒకసారి చూసుకోండి. నెట్ గురించి బెంగ వద్దు, జియోజెబ్రా, ఫెట్ రెండూ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండా నడుస్తాయి. కరెంటు పోతే మాత్రం గ్రాఫ్ కాగితాలే దిక్కు, ఆ కట్ట ఎప్పుడూ బీరువాలో ఉంచండి.

మీరు ఏ తరగతికి చెబుతున్నారో, పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో రాయండి. 9వ తరగతి అయితే పైన చెప్పిన త్రిభుజం బొమ్మ గీసుకోవడం ఎలాగో ఒక్కో మెట్టూ తెలుగులో రాసి పెడతాను.