పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: గడియారం చెప్పని అవినాశ్ సాబ్లే

ప్రశ్న: అవినాశ్ సాబ్లే 3000 మీటర్ల స్టీపుల్‌ఛేజ్‌లో (అడ్డుదుంగలు, నీటి గుంటలు దాటుతూ సాగే పరుగులో) తన జాతీయ రికార్డును తానే మళ్లీ మళ్లీ తిరగరాశాడని చదువుతూ వచ్చాం. ఆసియాలో స్వర్ణాలు తెచ్చాడు. కానీ ప్రపంచ పోటీల్లోనూ ఒలింపిక్స్‌లోనూ మొదటి పది మందిలో ఒక్కసారీ లేడు. ఇప్పుడు మోకాలికి శస్త్రచికిత్స కూడా జరిగింది. ఇంకా అతడి మీద ఆశ పెట్టుకోవచ్చా?
– ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: పెట్టుకోవచ్చు. అయితే ఎక్కడ, ఎంత అన్నది తేల్చాలంటే ముందు రికార్డుల పట్టికను కాసేపు పక్కన పెట్టాలి. స్టీపుల్‌ఛేజ్‌లో పరుగు కాలం ఒక్కటే చూసి ఫామ్‌ను అంచనా వేస్తే తరచూ పొరపాటు పడతాం. 2022లో యూజీన్ ప్రపంచ పోటీల ఫైనల్లో అవినాశ్ 8 నిమిషాల 31.75 సెకన్లతో పదకొండో స్థానంలో నిలిచాడు. రెండేళ్ల తర్వాత పారిస్ ఒలింపిక్స్ ఫైనల్లో 8:14.18కి పూర్తి చేశాడు, అక్కడా పదకొండో స్థానమే. పదిహేడున్నర సెకన్లు తగ్గించుకున్నా ఒక్క స్థానం కూడా మెరుగుపడలేదు. యూజీన్‌లో మొరాకో వీరుడు ఎల్ బక్కాలీ 8:25.13తోనే స్వర్ణం గెలిచాడు, పారిస్‌లో అదే మనిషికి 8:06.05 అవసరమైంది. అంటే పెద్ద పోటీల్లో గెలుపును తేల్చేది ఆ రోజు పరుగు ఎలా నడిచిందన్న సంగతే.

అందుకే నేను కాలానికి బదులు విజేతకూ అవినాశ్‌కూ మధ్య ఎంత ఎడం ఉందో చూస్తాను. 2019 దోహా ప్రపంచ పోటీల ఫైనల్లో అది 20 సెకన్లు. యూజీన్‌లో ఆరున్నర, పారిస్‌లో ఎనిమిది. ఈ లెక్కన చూస్తే అతడు నిజంగానే ఒక మెట్టు ఎక్కాడు, ఎక్కిన తర్వాత అక్కడే ఆగాడు. ఎందుకు ఆగాడన్నదే అసలు ప్రశ్న.

మీరు వ్యాయామ ఉపాధ్యాయులు కాబట్టి మీకు తెలిసే ఉంటుంది, తక్కిన పాఠకుల కోసం చెబుతున్నాను. ఈ పరుగులో 28 సార్లు బ్యారియర్ (దారికి అడ్డంగా పెట్టే దుంగ) దాటాలి, మరో 7 సార్లు నీటి గుంట దూకాలి. పురుషులకు బ్యారియర్ ఎత్తు 91.4 సెంటీమీటర్లు. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ దాటే హర్డిల్ కాలు తగిలితే పడిపోతుంది, పరుగు సాగుతుంది. స్టీపుల్‌ఛేజ్ బ్యారియర్ బరువైన దుంగ, అది కదలదు, తగిలితే పడేది మనిషే. పైగా హర్డిల్స్‌లో ఎవరి వరుస వారిది, ఇక్కడ అందరికీ కలిపి ఒకటే దుంగ. పది పదిహేను మంది గుంపుగా దాని మీదకు వస్తున్నప్పుడు వెనకనున్నవాడికి ముందువాడి వీపు తప్ప బ్యారియర్ కనిపించదు. అడుగు ఎక్కడ వేయాలో చివరి క్షణంలో తేల్చుకోవాలి, అలా తడబడిన ప్రతిసారీ కొంత వేగం పోతుంది.

అవినాశ్‌కు ఈ గుంపులో పరుగు మొదటినుంచీ గిట్టలేదు. దోహా హీట్‌లో (ఫైనల్‌కు ముందు జరిగే అర్హత పరుగులో) ఇతరుల వల్ల దారి అడ్డుపడి వెనకబడితే, భారత జట్టు అప్పీలు చేశాకే ఫైనల్‌కు అవకాశం దక్కింది. అతడికి నప్పేది ఖాళీ దారిలో, ఒకే లయలో, ఎక్కడా వేగం పెంచకుండా తగ్గించకుండా సాగే పరుగు. 2023 హాంగ్జౌ ఆసియా క్రీడల్లో సరిగ్గా అదే చేశాడు. తొలి ల్యాపుల్లోనే (ల్యాపు అంటే ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) గుంపును వదిలేసి ఒంటరిగా సాగి 8:19.50తో క్రీడల రికార్డు నెలకొల్పాడు. ఈ అంశంలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన తొలి భారత పురుషుడు అతడే. అంతకు ముందు ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ముందు నడిపింది కెన్యా వాళ్లయినా, పోటీదారులు తక్కువ, వేగం నిలకడగా ఉంది. అతడు 8:11.20తో రజతం తెచ్చాడు, కెన్యాకు చెందిన కిబివోట్ చేతిలో స్వర్ణం పోయింది కేవలం 0.05 సెకన్లతో. 1998 నుంచి 2018 దాకా ఆ క్రీడల్లో ఈ అంశంలోని మూడు పతకాలనూ ప్రతిసారీ కెన్యాయే పట్టుకుపోయిందని గుర్తుంచుకుంటే ఆ రజతం విలువ తెలుస్తుంది. నా దృష్టిలో అతడి జీవితంలో అత్యుత్తమ పరుగు అదే, 8:09.91 జాతీయ రికార్డు కాదు.

ప్రపంచ ఫైనళ్లలో పరిస్థితి వేరు. అక్కడ చాలాసార్లు ఎవరూ ముందుకు రారు. రెండు కిలోమీటర్లు ఒకరినొకరు కనిపెట్టుకుంటూ నడిచి, చివరి ల్యాపును 60 సెకన్ల లోపే ముగించగలవాడు గెలుస్తాడు. రికార్డు పరుగులో అవినాశ్ ఒక్కో కిలోమీటరుకు తీసుకున్నది సుమారు 2 నిమిషాల 43 సెకన్లు, అంటే ల్యాపుకు 65 సెకన్ల చిల్లర. ఆ వేగంతో ఏడున్నర ల్యాపులు పరిగెత్తే ఓపిక అతడికి ఉంది కానీ, నెమ్మదిగా సాగి ఒక్కసారిగా పేలే పరుగు లేదు. మరి ముందుండి వేగం తానే పెంచితే? పారిస్ ఫైనల్లో ఆరంభంలో ముందుకొచ్చాడు, కానీ గుంపు అతడిని వదల్లేదు, కాసేపటికి మింగేసింది. ప్రపంచ స్థాయిలో అతడి స్థిర వేగం ఇతరులను అలసిపోయేలా చేసేంత వేగం కాదు. పదకొండో స్థానం దగ్గర ఆగడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం.

అర్హత నిబంధనలు కూడా అతడికి కలిసిరాలేదు. టోక్యో ఒలింపిక్స్ హీట్‌లో 8:18.12 పరిగెత్తి ఏడో స్థానంతో ఇంటిదారి పట్టాడు. మరో హీట్‌లో అతడి కంటే నెమ్మదిగా పరిగెత్తినవారు తమ హీట్‌లో తెచ్చుకున్న స్థానం బలంతో ఫైనల్‌కు వెళ్లారు. 2023 బుడాపెస్ట్ ప్రపంచ పోటీల నాటికి కాలం బట్టి ఫైనల్‌కు ఎంచే లెక్క పూర్తిగా తీసేసి, ప్రతి హీట్‌లో మొదటి ఐదుగురికే చోటిచ్చారు. అక్కడా ఏడో స్థానమే వచ్చింది. పారిస్ నాటికి పాఠం నేర్చుకున్నాడు. హీట్‌లో ముందుగా వెళ్లి ఎడం సంపాదించి, తర్వాత ఆయాసపడకుండా ఐదో స్థానాన్ని కాపాడుకొని, ఈ అంశంలో ఒలింపిక్ ఫైనల్ చేరిన తొలి భారత పురుషుడయ్యాడు. వ్యూహం లేదని అతడిని విమర్శించేవారు ఆ హీట్‌ను ఒకసారి చూడాలి.

ఇక గాయం సంగతి. 2025 జులైలో మొనాకో డైమండ్ లీగ్‌లో (ఏటా పలు నగరాల్లో జరిగే అగ్రశ్రేణి అథ్లెటిక్స్ పోటీల్లో ఒకటి) నీటి గుంట దగ్గర పడిపోవడంతో మోకాలి లిగమెంటు, మెనిస్కస్ (కీలులోని మృదులాస్థి) దెబ్బతిన్నాయి. నీటి గుంటలో ఒంటికాలి మీద, తడి నేల మీద, ఎత్తు నుంచి దిగాలి. అదే మోకాలిని మళ్లీ నమ్మి దూకడం శరీరం కన్నా మనసుకు కష్టం. ఇలాంటి శస్త్రచికిత్స తర్వాత పూర్తి స్థాయి పోటీకి రావడానికి సాధారణంగా తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. మరో మాట కూడా నిజాయతీగా చెప్పాలి. గాయానికి ముందే 2025 అతడికి గొప్పగా సాగలేదు. చైనాలోని షియామెన్‌లో 8:22.59, కెకియావోలో 8:23.85, దక్షిణ కొరియాలోని గుమీ ఆసియా ఛాంపియన్‌షిప్‌లో స్వర్ణం వచ్చినా 8:20.92. ఒక్కసారి కూడా తన రికార్డుకు పది సెకన్ల దరిదాపుల్లోకి రాలేదు. అందుకని తిరిగొచ్చాక మొదటి పరుగుల్లో కాలాన్ని పట్టించుకోకండి. నీటి గుంట ముందు అడుగులు తడబడుతున్నాయా, దిగిన వెంటనే రెండో అడుగు ముందుకు పడుతోందా అన్నది గమనించండి. అతడి భవిష్యత్తు అక్కడే తెలుస్తుంది.

ప్రశ్న: 2026 సెప్టెంబరులో జపాన్‌లో జరిగే ఆసియా క్రీడల్లో మళ్లీ స్వర్ణం వస్తుందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కష్టమే, కారణం మోకాలు ఒక్కటే కాదు. అవినాశ్ పడిపోయిన ఆ మొనాకో పరుగులోనే జపాన్ యువకుడు ర్యుజి మియురా 8:03.43తో రెండో స్థానంలో నిలిచాడు. ఇది అవినాశ్ అత్యుత్తమ కాలం కన్నా ఆరున్నర సెకన్లు మెరుగు. హాంగ్జౌలోనూ గుమీలోనూ మియురా లేడు. ఆ క్రీడలు జరిగే నగోయాలో సొంత ప్రేక్షకుల మధ్య అతడు బరిలో దిగితే, చివరి 200 మీటర్ల దాకా వెనకే ఉండి దాటేయాలని చూస్తాడు. హాంగ్జౌలోలా మొదటినుంచీ లాగితే సరిపోదు, మియురా ఆ వేగాన్ని తేలిగ్గా అనుసరిస్తాడు. రెండో కిలోమీటరులో, అంటే అందరూ ఊపిరి తీసుకునే చోట, వేగం పెంచి చివరి ఉరుకుకు శక్తి మిగలకుండా చేయడం ఒక్కటే దారి. 32 ఏళ్ల వయసులో, గాయం నుంచి కోలుకుంటూ అది చేయగలడా అంటే నేను రజతం వైపే మొగ్గుతాను. ఇతర ఆసియా పోటీదారులు కూడా అతడికి మరీ వెనకబడి లేరు. గుమీలో రెండో స్థానం కూడా 8:24.41తో జపాన్‌కే దక్కింది.

ప్రశ్న: దూకడమే ప్రమాదమైతే 5000 మీటర్ల పరుగుకు మారిపోవచ్చు కదా?
– ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: హాంగ్జౌలో అతడు 5000 మీటర్లలోనూ రజతం తెచ్చిన మాట నిజం. కానీ ఆ దూరంలో అతడి 13:19.30 జాతీయ రికార్డును 2024లోనే గుల్వీర్ సింగ్ చెరిపేశాడు. సాఫీ పరుగులో మన దేశంలోనే రెండోవాడిగా నిలవడం కన్నా, కదలని దుంగ మీదుగా ఆసియాలో మొదటి ఇద్దరిలో ఒకడిగా ఉండటమే అతడికి లాభం.